నిదానమ్మ డిస్కులు మార్చిన వారం

నేను కాళ్లు చేస్తాను. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ప్రమాదంలోనో జబ్బుతోనో కాలు పోగొట్టుకున్నవాళ్లు మా వర్క్‌షాపుకి వస్తారు. నేను కొలతలు తీసి, అచ్చు పోసి, కృత్రిమ కాలు చేసి, వాళ్లను నిలబెట్టి పంపిస్తాను. అందరూ మేస్త్రీ అంటారు. మొండివాడినని కూడా అంటారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు, కావాలంటే నాలుగోది నేనే చేసిపెడతాను. ఇంత మొండివాడి నోరు మూయించిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది, అదీ గొంతు పెంచకుండా. ఆమె సంగతి చెప్పాలని ఇది మొదలుపెట్టాను.

ఆమె మా కంప్యూటర్లు చూసుకుంటుంది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఏది అడిగినా "నిదానంగా చూద్దాం" అంటుంది కాబట్టి నిదానమ్మ అయింది. ఆ పేరు పెట్టింది నేనే, వెక్కిరింపుగా పెట్టాను. ఆమెకు నచ్చింది. నీళ్ల సీసా మీద తనే రాసుకుంది. వెక్కిరించినవాడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది? నాలుగు రోజులు నాకు ముద్ద దిగలేదు.

నలభై నాలుగేళ్లుంటాయి. పొట్టి మనిషి. కళ్లజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది, చదవాల్సి వస్తే బల్లంతా వెతుక్కుంటుంది. ఒకప్పుడు ఊతకర్రలు పడేసుకునే సామాన్ల గదే ఇప్పుడు ఆమె గది. ఒక కిటికీ, ఒక ఫ్యాను, గోడవారగా ఇనప స్టాండు, దాని మీద రొట్టెల డబ్బాంత నల్లటి పెట్టె. మా వర్క్‌షాపు ప్రాణం ఆ పెట్టెలోనే ఉంది. ఒకప్పుడు ఆ ప్రాణం నా గదిలో ఉండేది. మా ఇద్దరి గొడవ అక్కడే మొదలైంది.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. కృత్రిమ కాలులో అసలు కిటుకంతా సాకెట్‌లో ఉంటుంది. మిగిలిన కాలు దిగి కూర్చునే గిన్నెలాంటి భాగం అది. దానికి ముందు ఆ కాలి ఆకారంలో ప్లాస్టర్‌తో అచ్చు పోస్తాం. ఆ అచ్చును ఒకచోట గీకి, ఒకచోట పూసి, మనిషికి తొడిగి చూసి, మళ్లీ గీకి, మళ్లీ పూసి సరిచేస్తాం. ఒక్కొక్కరికి నెలలు పడుతుంది. అలా సరిచేసిన అచ్చులు నా గది అల్మారాల నిండా నేల నుంచి కప్పు దాకా ఉండేవి. చీకట్లో చేయి పెట్టినా ఎవరిదో చెప్పేవాణ్ణి.

మూడేళ్ల కింద మేనేజరు కొత్త మిషను కొన్నాడు. అది కాలి ఆకారాన్ని వెలుతురుతో చదివి కంప్యూటర్లో పెడుతుంది. ఇంకో మిషను దాన్నిబట్టి ఫోమ్ దిమ్మెను చెక్కి అచ్చు తీస్తుంది. ఇక ప్లాస్టర్ అచ్చులెందుకు, గది ఖాళీ చెయ్యమన్నాడు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు, కళ్లెదుట అచ్చులుండగా కంప్యూటరెందుకు అని నేను పోట్లాడాను. రెండు నెలలు పోట్లాడాను. చివరికి నిదానమ్మ వచ్చి నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"మీ అచ్చులు నాకు ఇవ్వండి మేస్త్రీగారూ. ఒక్కోటి చదివించి, తిరిగి చెక్కించి మీ చేతిలో పెడతాను. మీరు తడిమి చూసి సరేనంటేనే పాతది పగలగొట్టండి. కాదంటే అది అలాగే ఉంటుంది."

పదకొండు వందల నలభై అచ్చులు. తొమ్మిది నెలలు పట్టింది. ఒక్కొక్కటీ నా చేతులతోనే పగలగొట్టాను. ఇంటికెళ్లి మా ఆవిడకి కూడా చెప్పుకోలేదు గానీ, కొన్నిటికి కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

అప్పుడే ఆ నల్లపెట్టె ఏమిటో చెప్పింది. లోపల రెండు డిస్కులుంటాయట. ఒకదాని మీద ఏది రాస్తే రెండోదాని మీదా అదే క్షణంలో అదే పడుతుంది. ఒకటి చచ్చిపోయినా రెండోది పని నడిపిస్తుంది. మిర్రరింగ్ అంటారట. ఇంకేం, దిగుల్లేదన్నమాట అన్నాను. అంత సంబరపడొద్దంది. అద్దం ముందు నిలబడి ముఖానికి మసి పూసుకుంటే అద్దంలోనూ మసే కదా కనిపించేది, అంది. డిస్కు పాడైతే మిర్రర్ కాపాడుతుంది, మన చేతి తప్పు నుంచి కాపాడదు. అందుకే ఆమె దగ్గర విడిగా రెండు డిస్కులున్నాయి. ఒకదానికి ఎర్ర టేపు, ఒకదానికి నీలం టేపు. ప్రతి నెలా మొదటి శనివారం, ఒక నెల ఎర్రదాని మీద, మరుసటి నెల నీలందాని మీద మొత్తం కాపీ తీసుకుని ఇంటికి పట్టుకెళుతుంది. బీరువాలో దుప్పట్ల మధ్య దాస్తుంది. ఈ సంగతి తెలిసి నేను ఏడాది పాటు ఏడిపించాను. చలికాలం డిస్కులకి రగ్గు కప్పుతున్నావా, జోల పాడుతున్నావా అని అడిగేవాణ్ణి. వాళ్లాయన హాస్టల్లో వంటమనిషి. డిస్కులకి జలుబు చేస్తే మిరియాల కషాయం కాచిస్తానని ఆయనే నాకు కబురు పంపాడు.

ఇంత జాగ్రత్త ఆమెకి పుట్టుకతో రాలేదు. ఇదివరకు పనిచేసిన అచ్చాఫీసులో జరిగిన ఒక సంగతి ఆమే చెప్పింది, దాచుకునే రకం కాదు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆమె పుస్తకాలు అచ్చువేసే చోట పేజీలు కూర్చే పని చేసేది. అక్కడా ఇలాంటి రెండు డిస్కుల పెట్టె ఉండేది. ఒకరోజు కంప్యూటరు ఒకటో నంబరు డిస్కు చెడిపోయిందని చూపించింది. ఈమె వెళ్లి ఒకటి అని చీటీ అంటించి ఉన్న డిస్కును లాగేసింది. మనుషులు ఒకటి నుంచి లెక్కపెడతారు, ఆ మిషను సున్నా నుంచి లెక్కపెడుతుంది. లాగింది మంచి డిస్కును. కంగారులో దాన్నే మళ్లీ తోసింది. కొత్త డిస్కు వచ్చిందనుకుని మిషను దాన్ని శుభ్రంగా తుడిచేసింది. గంట తిరక్కుండా చెడిపోయింది కూడా చచ్చింది. మూడేళ్ల పేజీలు గాలికిపోయాయి.

తనే వెళ్లి యజమానికి చెప్పిందట, నేనే చేశానని. పోయిన పేజీలన్నీ తిరిగి కూర్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ అక్కడే ఉంది. ఆఖరి పేజీ అయ్యాకే ఉద్యోగం మానేసింది. తప్పు చేసి పారిపోయినవాళ్లని చాలామందిని చూశాను. తప్పు పక్కన కూర్చుని దాన్ని చివరిదాకా సరిచేసినవాళ్లు నాకు ఎక్కువమంది తగల్లేదు.

ఇక అసలు కథ. ఆ సోమవారం పొద్దున్నే నల్లపెట్టె ఒక హెచ్చరిక పంపింది. ఒక డిస్కు మీద చెడిపోయిన చోట్లు పెరుగుతున్నాయని దాని సారాంశం. మేనేజరు వెంటనే కొత్తవి తెప్పించి రెండూ లాగేసి పెట్టెయ్యమన్నాడు. ఆలస్యం అమృతం విషం అని సామెత కూడా చెప్పాడు. నిదానమ్మ తలూపి, సామెత బాగుందని, తను మాత్రం ఈ వారమంతా తీసుకుంటానని చెప్పింది.

ఎందుకో నాకు వివరించింది. ఆ రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే అట్టపెట్టెలోంచి వచ్చినవి. ఐదేళ్లుగా రాత్రింబవళ్లు ఒకేలా తిరిగాయి. కవలపిల్లల్లో ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ల నుదురు కూడా తాకి చూస్తాం కదా, అంది. ఒకటి తీసి కొత్తది పెడితే, ఆ కొత్తదాన్ని నింపడానికి మిగిలిన ముసలిదాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా చదవాలి. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత శ్రమ దానికి ఆ రోజే పడుతుంది. చస్తే అప్పుడే చస్తుంది. అందుకని డిస్కుల మీద చెయ్యి వెయ్యకముందే తన కంప్యూటర్లోకి విడిగా కాపీ తీయాలి, ఆ కాపీ పనికొస్తుందో లేదో చూడాలి. కొత్త డిస్కులు రెండు వేరువేరు కొట్ల నుంచి తెచ్చింది, ఇవి కూడా కలిసి ముసలివి కాకూడదని. వాటినీ నమ్మలేదు. వేరే మిషనులో పెట్టి ఒకటిన్నర రోజు పరీక్షించింది.

మంగళవారం పొద్దున కాపీ అయిపోయింది. నన్ను పిలిచి ఏదో ఒక అచ్చు పేరు చెప్పమంది. అన్నిటికంటే కష్టమైనది చెప్పమంది.

నేను కండక్టరుది చెప్పాను. ఆమె బస్సులో కండక్టరు, రోజుకి ఎనిమిది గంటలు నిలబడే ఉద్యోగం. మోకాలి కింద ఎముక కొన కాస్త వంకరగా ఉండి, ఏ సాకెట్ తొడిగినా గుచ్చుకునేది. నాలుగు నెలల్లో ఏడుసార్లు సరిచేశాను. ఏడోసారి, ఎముక కొనకి ఎదురుగా అచ్చు మీద శనగగింజంత బుడిపె పెట్టాను. అచ్చు మీద బుడిపె ఉంటే సాకెట్‌లో గుంట పడుతుంది, ఎముక కొన ఆ గుంటలో హాయిగా కూర్చుంటుంది. ఆ రోజు ఆమె కర్ర లేకుండా మా నడవలో ఆరుసార్లు తిరిగింది. పోయిన వారం బస్సు మెట్టు మీద జారి పడితే ఆ సాకెట్ పగిలి ముక్కలైంది. పాత సాకెట్‌తో కుంటుకుంటూ వచ్చి, సోమవారానికల్లా డ్యూటీలో చేరకపోతే తనని కుర్చీ పనిలోకి మార్చేస్తారని చెప్పింది. బస్సంటే ఆమెకి ప్రాణం. శనివారానికి కొత్తది ఇస్తానని మాటిచ్చాను.

అంటే పరీక్షకి పరీక్ష, పనికి పని. నిదానమ్మ కాపీలోంచి ఆ అచ్చు తీసింది, మిషను చెక్కింది. నేను దిమ్మెను ఒళ్లో పెట్టుకుని అలవాటుగా బొటనవేలితో పైనుంచి కిందికి రాశాను. వేలు ఎక్కడా తట్టుకోకుండా జారిపోయింది.

బుడిపె లేదు.

మళ్లీ రాశాను. లేదు. నీ కాపీ తప్పు అని అరిచాను. ఇరవై ఆరేళ్ల చాకిరీని నీ చేతిలో పోశాను, చూడు ఏం చేశావో అని ఇంకా చాలా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె కళ్లజోడు వెతుక్కుని కంప్యూటర్లో చూసింది. నల్లపెట్టెలో ఉన్న అసలు అచ్చులోనూ బుడిపె లేదు. రెండు డిస్కుల్లోనూ లేదు. కాపీ ఉన్నది ఉన్నట్టే వచ్చింది.

"ఐదు వారాల కింద గురువారం, పదకొండున్నరకి దీన్ని ఎవరో మార్చి సేవ్ చేశారు. మీ బల్ల మీది కంప్యూటరు నుంచే," అంది.

ఐదు వారాల కింద గురువారం. ఆ రోజు వ్యాయామాలు చేయించే కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఈ బుడిపె అంత ముఖ్యమా అని అడిగింది. లేకపోతే ఎలా ఉంటుందో చూపిస్తానని కంప్యూటర్లో ఆ బుడిపెను గీకేసి చూపించాను. ప్లాస్టర్ రోజుల్లో అంతే చేసేవాళ్లం, గీకి చూపించి, మళ్లీ చిటికెడు ప్లాస్టర్ పూసేవాళ్లం. ఇంతలో టీ వచ్చిందన్నారు. లేచే ముందు సేవ్ చెయ్యండి, మరిచిపోకండి అని ఏడాది పాటు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నిదానమ్మే. లేచే ముందు బుద్ధిగా సేవ్ చేశాను. చిటికెడు ప్లాస్టర్ పూయడం మరిచిపోయాను.

"నేనే," అన్నాను.

మళ్లీ బుడిపె పెట్టలేనా అంటే, పెట్టగలను. ఎక్కడ పెట్టాలి, ఎంత మందం పెట్టాలి అనేదే ప్రశ్న. అది తేల్చడానికే ఏడుసార్లు పట్టింది. మొదటి ఆరుసార్లూ ఆ మనిషి పుండు పడిన కాలుతో వెనక్కి వచ్చింది. శనివారానికి నాలుగు రోజులే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా అని కూలబడ్డాను.

నిదానమ్మ అరవదలచుకుంటే అరిచే హక్కు ఆమెకి నిండుగా ఉంది. ఏడోసారి ఎప్పుడు సరిచేశారని మాత్రం అడిగింది. నా డైరీ తీసి చూశాను, తొమ్మిది వారాలైంది. ఆమె తన నోటుపుస్తకం తీసింది. నీలం టేపుది నాలుగు వారాల కింద తీసింది, అందులోనూ నా మసే ఉంటుంది. ఎర్ర టేపుది ఎనిమిది వారాల కింద తీసింది.

"అయితే మీ బుడిపె మా ఇంట్లో దుప్పట్ల మధ్య ఉంది మేస్త్రీగారూ. ఎవరూ కంగారుపడాల్సిన పని లేదు," అంది.

మధ్యాహ్నం భోజనం వేళ ఇంటికి వెళ్లి తెచ్చింది. తీసింది, చెక్కించింది. నా బొటనవేలు కిందికి జారి, జారి, శనగగింజ దగ్గర ఆగింది. నా కళ్లు తడిశాయి, దాచుకోలేదు. తర్వాత ఒక లెక్క గుర్తొచ్చింది. వచ్చే శనివారం మొదటి శనివారం. ఎర్ర టేపు వంతు. నాలుగు రోజులు ఆగి ఉంటే దాని మీదా కొత్త కాపీ పడి బుడిపె అన్నిచోట్లా తుడిచిపెట్టుకుపోయేది. డిస్కుకి జబ్బు చేసి, ఈమె పరీక్ష పెట్టబట్టి బయటపడ్డాం. ఆమె కూడా ఆ లెక్క వేసింది. రెండు డిస్కులు చాలవని, ఇకపై ఎవరు అచ్చు మార్చినా పాతది పోకుండా పక్కన ఉండేలా పెడతానని నోటుపుస్తకంలో రాసుకుంది. తప్పు మీది కాదు, మార్చితే పాతది పోయేలా వదిలేసింది నేను అంది. నేను ఒప్పుకోలేదు. తప్పు కోసం కూడా ఇద్దరం పోట్లాడుకున్నాం.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి మొదటి డిస్కు మార్చింది. ఆ పనికి నన్ను తోడు రమ్మంది. ప్రతి డిస్కు మీదా దాని పుట్టుక నంబరు ఉంటుంది, ప్రపంచంలో ఇంకో దానికి ఉండదు. ఒకటో రెండో అని ఆమె ఎప్పుడూ అనదు, చీటీలు అంటించదు. కంప్యూటరు ముందు కూర్చుని జబ్బు డిస్కు నంబరు ఒక్కొక్క అక్షరం పైకి చదివింది. నేను పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, డిస్కు అంచు మీది నంబరును చూసి తిరిగి చెప్పాను. తర్వాత నేను చదివాను, ఆమె చూసింది. మంచి డిస్కు నంబరు కూడా చదివించింది, ఇది కాదు కదా అని గట్టి చేసుకోవడానికి. అచ్చాఫీసు సంగతి జరిగాక ఇరవై ఏళ్లుగా ఇద్దరు మనుషులు లేకుండా డిస్కు లాగలేదట. నాకు నవ్వు వస్తుందనుకున్నాను, రాలేదు.

"లాగండి," అంది.

"నేనా?"

"మీ కాళ్లే కదా లోపలున్నవి."

పిడి నొక్కి లాగాను. రెండు వేళ్ల మందం, చేతికి వెచ్చగా తగిలింది. కొత్తది తోశాను. నారింజ రంగు దీపం మినుకుమినుకుమంది. నింపడానికి తొమ్మిది గంటలు పడుతుందని చూపించింది. మేనేజరు అరగంటకోసారి వచ్చి తలుపులోంచి తొంగిచూశాడు. నిదానమ్మ ఫైళ్లు సర్దింది, డబ్బా విప్పి తింది, ఎవరిదో ప్రింటరు బాగుచేసింది. భయం లేదా అని అడిగాను. భయపడాల్సిందంతా సోమ, మంగళవారాల్లోనే పడేశానని చెప్పింది. ఈ మాట నాకు ఆ రోజు నచ్చింది, ఈ రోజుకీ నచ్చుతుంది. సాయంత్రం ఐదుంపావుకి దీపం ఆకుపచ్చగా మారింది.

రెండోది మర్నాడే మార్చెయ్యమన్నాడు మేనేజరు. గురువారమంతా రెండు డిస్కుల మీదా ఉన్నది ఒకటేనా కాదా అని పెట్టె చేతే సరిచూపించి, శుక్రవారం మార్చింది. మళ్లీ అదే తంతు, మళ్లీ నేనే మోకాళ్ల మీద. తీసిన రెండో పాత డిస్కును పారేయలేదు. తేదీ రాసి కవర్లో పెట్టింది, నెల్లాళ్లు అంతా సవ్యంగా ఉంటే అప్పుడు చూద్దామని. నెల గడిచాక రెంటినీ నా బల్ల దగ్గరికి తెచ్చింది. లోపల మనుషుల కొలతలున్నాయి, ఎవరి చేతికీ చిక్కకూడదు. సాకెట్లకి కన్నాలు వేసే నా డ్రిల్లుతోనే ఒక్కోదానికి నాలుగు కన్నాలు పొడిచాను.

ఆ వారం శనివారం పొద్దున కండక్టరు వచ్చింది. కొత్త సాకెట్ తొడుక్కుంది. లేచి నిలబడి, బరువు ఆ కాలి మీద వేసి, కాసేపు కళ్లు మూసుకుంది. మా నడవలో ఆ చివరికి వెళ్లి, ఈ చివరికి వచ్చి, కర్రను నా బల్లకి ఆనించి వెళ్లిపోయింది. మరిచిపోయిందనుకుని వెనక పరిగెత్తాను. ఉంచుకోండి, ఇంకెవరికైనా పనికొస్తుంది అంది. సోమవారం ఆమె బస్సులోనే నేను పనికి వచ్చాను. ముందుకు జరగండి అని నన్ను కూడా కసిరింది.

ఆ శనివారమే సాయంత్రం నిదానమ్మ నెలవారీ కాపీ తీసింది. ఎర్ర టేపుది ముట్టుకోలేదు. మూడో డిస్కు కొత్తది తెచ్చి, దానికి ఆకుపచ్చ టేపు చుట్టి, నింపి, నా చేతిలో పెట్టింది. అన్నీ ఒకే ఇంట్లో ఉండకూడదని, ఇకపై ఇది మా ఇంట్లో ఉంటుందని, నెలనెలా మార్చుకుందామని చెప్పింది. నా తప్పు తెలిసిన మనిషి, ఒక్క టీ కోసం బుడిపెను తుడిచేసిన నా చేతిలోనే తన జాగ్రత్తంతా పెట్టింది.

దాన్ని రెండు చేతులతో పట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాను. బీరువా తెరిచి దుప్పట్ల మధ్య సందు చేస్తుంటే మా ఆవిడ వచ్చి వెనక నిలబడింది.

"ఏంటది?"

"పదకొండు వందల నలభై పైచిలుకు కాళ్లు," అన్నాను. "తలుపు కాస్త నిదానంగా వెయ్యి."